చిన్న ప్రమాదం తరువాత కారు నడపడం: బ్రేకు వాడకం, పోయిన ధైర్యం తిరిగి తెచ్చుకోవడం

గుడియాత్తం నుంచి వేలూరుకు కారులో వెళ్ళడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. కె.వి.కుప్పం, లత్తేరి, కాట్పాడి మీదుగా సాగే 75వ నంబరు జాతీయ రహదారి ఒకటి. పళ్ళికొండ వద్ద చెన్నై–బెంగళూరు రహదారిని, అనగా 48వ నంబరు జాతీయ రహదారిని, కలుసుకునే దారి మరొకటి. ఏ దారిన వెళ్ళినా దూరం సుమారు 35 కిలోమీటర్లు. పేర్నంబట్టు, సైనగుంట, గుడిపాల, వి.కోట పరిసరాల పల్లెవాసులకు ఆసుపత్రి అయినా, కళాశాల అయినా, కాట్పాడి రైలు అయినా వేలూరే దిక్కు. అయితే కారు కొనుక్కున్న ఇండ్లలో కూడా దానిని నడపగలిగినవారు చాలాచోట్ల ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరు చిన్న ప్రమాదానికి గురై, భయపడి తాళంచెవి పక్కన పెట్టేస్తే ఇల్లంతా కదలలేని స్థితి ఏర్పడుతుంది. అర్ధరాత్రి పెద్దవారికి ఆయాసం వచ్చినప్పుడు వాకిట్లో కారు ఉండి కూడా ఆటో కోసం వెతకవలసి వస్తుంది.

ఇటువంటి ప్రమాదాలు చాలావరకు ఒకే తీరుగా జరుగుతాయి. బజారు దాటిన తరువాత స్పీడ్ బ్రేకర్ వద్ద ముందున్న ఆటో ఆగుతుంది. వెనుక కారులోనివారు ఒక క్షణం ఆలస్యంగా చూస్తారు. బంపరు నలుగుతుంది, దీపం పగులుతుంది, నలుగురు గుమిగూడుతారు. ఎవరికీ పెద్ద దెబ్బ తగలదు. బండి వారంలో బాగుపడి వస్తుంది. నడిపినవారి పాదం మాత్రం అంత త్వరగా బాగుపడదు.

ఆ భయాన్ని పిరికితనమని కొట్టివేయడం సరికాదు. ఆ క్షణంలో తన పాదం ఏమి చేసిందో, బండి ఎందుకు ఆగలేదో నడిపినవారికి స్పష్టంగా తెలియకపోవడమే భయానికి ముఖ్యమైన మూలం. కారణం తెలియని తప్పు మళ్ళీ జరుగుతుందనిపించడం సహజం. కావున ధైర్యం చెప్పేముందు బ్రేకు సంగతి తేల్చుకోవలసి ఉంటుంది.

ప్రమాదం జరిగిన రోజు

మొదట మనుషులను చూడవలెను, తరువాతే బండిని. తలకు దెబ్బ తగిలినవారికి తలనొప్పి, వాంతులు, మగత కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మెడనొప్పి చాలామందికి మరునాడుగాని బయటపడదు. అత్యవసర వైద్య వాహనానికి 108, పోలీసులతో సహా ఇతర సహాయానికి 112 సరిహద్దుకు ఇరువైపులా పనిచేస్తాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం, ఎవరికైనా గాయమైనా, ఇతరుల ఆస్తికి నష్టం జరిగినా, గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం డ్రైవరు బాధ్యత. సాధ్యమైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, పోలీసు స్టేషనుకు తెలపడం కూడా అతని బాధ్యతే. బీమా సంస్థకూ సమాచారం ఇవ్వాలి. బండ్లను పక్కకు తీసేముందు అవి నిలిచిన తీరును, నంబరు పలకలను ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవడం మేలు.

ప్రమాదం తమిళనాడులో జరిగింది, బాధితుల ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది అనే చిక్కు సరిహద్దు వారికి తరచుగా ఎదురవుతుంది. గాయపడినవారు నష్టపరిహారం కోసం ప్రమాదం జరిగిన చోటనే కాక, తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లో కూడా దరఖాస్తు చేసుకోవడానికి అదే చట్టంలోని 166వ సెక్షను వీలు కల్పిస్తున్నది.

బండి తిరిగి వచ్చిన తరువాత

మెకానిక్ ‘అంతా సరిగా ఉంది’ అన్నంత మాత్రాన తాళంచెవి పుచ్చుకొని బయలుదేరరాదు. ఇంటి వాకిట్లోనే రెండు పరీక్షలు చేయవచ్చు. ఇంజను ఆపి, బ్రేకు పెడల్‌ను నాలుగైదు సార్లు నొక్కితే అది గట్టిపడుతుంది. అలాగే నొక్కిపట్టి ఇంజను స్టార్టు చేసినప్పుడు పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగితే పాదానికి బలమిచ్చే బూస్టర్ పనిచేస్తున్నట్లు లెక్క. తరువాత ఇంజను నడుస్తుండగా పెడల్‌ను ఒక నిమిషం పాటు ఒకే బలంతో నొక్కి ఉంచాలి. అది మెల్లమెల్లగా కిందికి జారిపోతుంటే ఎక్కడో బ్రేకు ఆయిల్ కారుతున్నదనో, లోపలి సీలు పాడైనదనో అర్థం. ఆ బండిని రోడ్డెక్కించరాదు. బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతున్నదా, ఏబీఎస్ దీపం, ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకుండా వెలుగుతున్నాయా అన్నవి కూడా చూడాలి. దెబ్బతిన్న హెడ్‌లైటు మార్చినప్పుడు దాని వెలుతురు కోణం సరిచేయించడం చాలామంది మరచిపోతారు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి సాధారణంగా రెండేళ్ళకొకసారి మార్చవలెను.

ప్రమాదం తరువాత గుమ్మడికాయ కొట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఇరువైపుల పల్లెల్లోనూ ఆనవాయితీ. దానితో ఇంటివారి మనసు కుదుటపడితే మంచిదే. బ్రేకు ఆయిల్ మట్టాన్ని మాత్రం మనుషులే చూడాలి.

డ్రైవరు కాళ్ళ దగ్గర ఏముందో చూడడం ఇంకా ముఖ్యం. దొర్లుతూ వచ్చిన ఖాళీ నీళ్ళ సీసా బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే ఎంత బలంగా తొక్కినా ప్రయోజనం ఉండదు. ముడుచుకున్న కాలిపట్టా, జారే హవాయి చెప్పులు కూడా అంతే ప్రమాదకరం. మడమ నేలకు ఆనించి, మునివేళ్ళ కిందిభాగంతో పెడల్ నొక్కగలిగేంత దగ్గరగా సీటు ఉండాలి. పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి.

ఆగడానికి ఎంత దూరం కావాలి

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 11 మీటర్లు సాగుతుంది. ఎదుట ఆటంకాన్ని కన్ను చూడడానికీ, మెదడు గ్రహించడానికీ, పాదం బ్రేకు మీదికి రావడానికీ సుమారు ఒకటిన్నర సెకను పడుతుందని లెక్క వేసుకుంటే, బ్రేకు పట్టకముందే 17 మీటర్లు గడచిపోతాయి. పొడి తారురోడ్డు మీద, మంచి టైర్లతో, బ్రేకు పట్టిన తరువాత మరో 9 మీటర్లు కావాలి. మొత్తం 26 మీటర్లు. అదే 60 వేగంలో ఆలోచనకు 25, బ్రేకుకు 20, మొత్తం 45 మీటర్లు. 80 వేగంలో ఇది 70 మీటర్ల దాకా పోతుంది. రోడ్డు తడిగా ఉంటే 60 వేగానికే 60 మీటర్లు కావలసి రావచ్చు.

ఈ అంకెల్లో ఒక విషయాన్ని నిలిచి చూడాలి. 40 వేగంతో వచ్చే కారు పూర్తిగా ఆగిపోయిన చోటుకు చేరేసరికి, 60 వేగంతో వచ్చే కారుకు బ్రేకు పట్టడం అప్పుడప్పుడే మొదలవుతుంది. అది ఇంచుమించు పూర్తి వేగంతోనే అడ్డు వచ్చినదానిని ఢీకొంటుంది. ‘బ్రేకు వేశాను, బండి ఆగలేదు’ అని ప్రమాదం తరువాత చెప్పేవారిలో అనేకులు అబద్ధమాడడం లేదు. బ్రేకు పనిచేసింది, దూరమే చాలలేదు.

ముందు బండికి ఎంత ఎడం ఉండాలో కొలవడానికి మీటర్లు అక్కరలేదు. ముందు బండి దారిపక్కని ఒక చింతచెట్టునో, కిలోమీటరు రాయినో దాటగానే ‘వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు’ అని తాపీగా లెక్కించాలి. ఆ మాటలు పూర్తయ్యేలోపు తన కారు అదే చెట్టును దాటితే ఎడం చాలలేదన్నమాట. వానలో ఈ లెక్క నాలుగు వరకు సాగాలి. అంత ఖాళీ వదిలితే మధ్యలో మోటారు సైకిళ్ళు దూరుతాయన్నది నిజమే. దూరినప్పుడు మళ్ళీ కొంచెం వెనక్కు తగ్గడమే మార్గం.

రాత్రి వేళ మరో లెక్క ఉంది. డిమ్ లైటు సాధారణంగా 40, 50 మీటర్లకు మించి దారి చూపదు. కనిపించే దూరంలో ఆగలేని వేగం గుడ్డి వేగమే. గుడియాత్తం నుంచి సైనగుంట మీదుగా పలమనేరుకు పోయే దారి కౌండిన్య అభయారణ్యపు అడవుల వెంట సాగుతుంది. అక్కడ ఏనుగులు రోడ్డు దాటుతాయి. 2023 జూన్‌లో పలమనేరు సమీపాన చిత్తూరు రహదారి మీద వాహనం ఢీకొని మూడు ఏనుగులు మరణించాయి. ఆ ప్రాంతాలలో చీకటి పడ్డాక 40 దాటకపోవడం ఉత్తమం.

పొలాల నడుమ రోడ్ల మీద కోతల కాలంలో ఉలవ కట్టె, రాగి వెన్నులు పరచి, బండ్ల చక్రాల కింద నలగనివ్వడం మన ప్రాంతపు అలవాటు. ఆ పరుపు మీద బ్రేకు వేస్తే టైరు రోడ్డును పట్టుకోదు, జారుతుంది. దానికి ముందే వేగం తగ్గించి, దాని మీద బ్రేకు తాకకుండా దాటాలి. చాలా రోజుల ఎండ తరువాత పడిన తొలివానలో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిగటగా మారి అంతగానూ జారుతుంది. నీరు పారే కల్వర్టు దాటిన తరువాత తడిసిన బ్రేకులు ఆరడానికి, నెమ్మదిగా పోతూ రెండు మూడు సార్లు తేలికగా నొక్కడం అవసరం.

తమిళ బోర్డుల గురించి ఒక మాట. తమిళం మాట్లాడగలిగినా చదవలేని తెలుగువారు సరిహద్దులో చాలామంది ఉన్నారు. ‘వేగత్తడై’ అంటే స్పీడ్ బ్రేకర్. వేగానికి తడ అని గుర్తుంచుకోవచ్చు. ‘పళ్ళి’ అని ఉంటే అది పల్లె కాదు, బడి. ‘విబత్తు పగుది’ అంటే తరచుగా ప్రమాదాలు జరిగే చోటు. మన విపత్తే అక్కడ ప్రమాదానికి పేరైంది. ఈ మూడింటి అక్షర రూపాన్ని బడికి పోయే పిల్లలు పెద్దలకు ఒక్క పూటలో నేర్పగలరు.

పాదం చేయవలసిన పని

మామూలుగా ఆగేటప్పుడు ముందు అద్దంలో వెనుకకు చూడాలి. తరువాత తేలికగా నొక్కడం మొదలుపెట్టి, మధ్యలో గట్టిపరచి, ఆగే ముందు మళ్ళీ కొంచెం వదలాలి. అప్పుడు కారులోని ముసలివారి తల ముందుకు ఊగదు. గేరు బండిలో మొదట బ్రేకు, ఇంజను అదిరేముందే క్లచ్. భయపడినవారు రెండింటినీ ఒకేసారి తొక్కుతారు. దానితో ఇంజను ఇచ్చే నిలుపుదల పోయి బండి ముందుకు జారుతుంది.

అత్యవసరంగా ఆపవలసినప్పుడు పద్ధతి వేరు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. చక్రాలు బిగుసుకుపోయి జారకుండా ఈ ఏర్పాటు బ్రేకును క్షణంలో అనేకసార్లు వదలి పట్టిస్తుంది. ఏబీఎస్ ఉన్న కారులో పెడల్‌ను ఉన్న బలమంతా పెట్టి ఒకేసారి నొక్కి, ఆగేవరకు వదలకుండా ఉండాలి. అప్పుడు పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంటుంది. బండి ఏదో విరిగినట్లు శబ్దం వస్తుంది. అది లోపం కాదు, ఏబీఎస్ పనిచేస్తున్న గుర్తు. తెలియనివారు ఆ కుదుపుకు బెదిరి సరిగ్గా అప్పుడే కాలు తీస్తారు. ఏబీఎస్ వల్ల ఆగే దూరం ప్రతిచోటా తగ్గదు. కంకర మీద, వదులు మట్టి మీద కొంత పెరగవచ్చు కూడా. బ్రేకు నొక్కుతూనే స్టీరింగు తిప్పి అడ్డును తప్పించుకోగలగడం దాని అసలు ప్రయోజనం. ఏబీఎస్ లేని పాత కారులో చక్రాలు బిగుసుకొని జారిన శబ్దం వినగానే కొద్దిగా వదలి, మళ్ళీ నొక్కాలి.

ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు పాదం కన్నా గేరు ముఖ్యం. పేర్నంబట్టు–వి.కోట మధ్య ఘాట్‌లోనైనా, చిత్తూరు–పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌లోనైనా ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. అది సరైన మాట. బ్రేకు మీదే కాలు వేసి దిగితే అది వేడెక్కి, ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడి పట్టు తప్పుతుంది. కాలిన వాసన రాగానే విశాలమైన చోట ఆపి చల్లారనివ్వాలి. ఎర్రగా కాలిన బ్రేకు మీద నీళ్ళు పోయరాదు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపడం ఇంకా చెడ్డ అలవాటు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఇంధనం దాదాపుగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఖర్చవుతుంది. ఇంజను ఆపివేసి దిగేవారికి రెండు మూడు నొక్కులలో బూస్టర్ బలం అయిపోయి, పెడల్ రాయిలా మారుతుంది. ఆ పొదుపు ఎవరికీ అక్కరలేదు.

భయం చేసే పని

ప్రమాదం తరువాత మొదటి రోజుల్లో చేతులు చెమర్చడం, గుండె దడ, ముందు బండి బ్రేకు దీపం వెలిగితే చాలు ఒళ్ళు బిగుసుకోవడం చాలామందిలో కనిపిస్తాయి. ఈ స్థితిలో ఒక కొత్త తప్పు పుడుతుంది. మొదటి ప్రమాదంలో బ్రేకు ఆలస్యమైంది గనుక, ఇప్పుడు పాదం అవసరం లేనిచోట కూడా బ్రేకు తొక్కుతుంది. పళ్ళికొండ దాటాక పెద్ద రహదారి మీద ఖాళీ దారిలో హఠాత్తుగా ఆగిన కారును వెనుక వచ్చే లారీ తప్పించలేదు. భయం మనిషిని జాగ్రత్తపరుడిని చేస్తుందనేది సగం నిజం మాత్రమే. అందుచేత తిరిగి నేర్చుకోవడం చిన్న మెట్లతో సాగాలి.

మొదటి మెట్టు వాకిట్లోనే. ఇంజను ఆపి ఉన్న కారులో కూర్చొని, సీటు, అద్దాలు సరిచేసుకొని, యాక్సిలరేటరు నుంచి బ్రేకుకు పాదాన్ని చూడకుండా మార్చడం యాభై సార్లు. రెండవది, పిల్లలు, పశువులు లేని ఖాళీ మైదానంలో. ఒక ఇటుకరాయి గుర్తుగా పెట్టి, 20 వేగంలో దాని దగ్గర బ్రేకు వేసి, ఆగిన చోటు వరకు అడుగులు కొలవాలి. తరువాత 40 వేగంలో. వేగం రెండింతలు అయితే బ్రేకు దూరం నాలుగింతలు అవుతుందని పుస్తకంలో చదివినదానికన్నా అడుగులతో కొలిచినది మనసులో నిలుస్తుంది. ఏబీఎస్ కుదుపును కూడా ఇక్కడే, పక్కన అనుభవజ్ఞులు ఉండగా, ఒకటి రెండు సార్లు పాదానికి పరిచయం చేయాలి. మూడవది, ఆదివారం తెల్లవారి ఊరి రోడ్డు. నాలుగవది, ప్రమాదం జరిగిన చోటును మొదట మరొకరు నడుపుతుండగా, తరువాత స్వయంగా దాటడం. చివరిదే బజారు రద్దీ.

ఒక్కొక్క మెట్టులో భయాన్ని సున్నా నుంచి పది వరకు అంకెతో పిల్లల నోటుబుక్కులో రాసుకోవచ్చు. భయం ఎనిమిది దగ్గర ఉన్నప్పుడు కారు దిగి ఇంటికి వచ్చేస్తే, తప్పించుకోవడమే మందు అని మనసు నేర్చుకుంటుంది. అదే స్థాయిలో ఇంకొంతసేపు ఉండి, అంకె నాలుగుకు దిగిన తరువాత ముగిస్తే మరునాటి మొదలు సులువవుతుంది. చేయి వణికి నడపలేనంతగా ఉంటే మాత్రం పక్కకు తీసి ఆపాలి. తరువాతి రోజు ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టాలి. నిద్రమాత్రలు, మగత తెప్పించే జలుబు మందులు, ధైర్యానికని మద్యం పుచ్చుకొని నడపడం పూర్తిగా నిషిద్ధం.

నెల దాటినా ఆ దృశ్యం పదేపదే కళ్ళముందు రావడం, పీడకలలు, నిద్రలేమి, ఆ దారినే తప్పించుకు తిరగడం తగ్గకపోతే వైద్యుని సలహా అవసరం. వేలూరులో బాగాయం వద్ద సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోగాని, తమిళంలోగాని ఉచితంగా మాట్లాడవచ్చు.

ఇంటివారి వంతు

పక్క సీటులో కూర్చున్నవారు ప్రతి మలుపులో ‘చూసుకో, చూసుకో’ అంటూ ఉంటే నడిపేవారి దృష్టి రోడ్డు మీద ఉండదు, ఆ గొంతు మీద ఉంటుంది. మొదటి వారాల్లో నెమ్మది మనిషి ఒక్కరు పక్కన ఉంటే చాలు. చిన్నపిల్లలను తీసుకువెళ్ళకపోవడం మంచిది. ఆడవారి విషయంలో మన ఇండ్లలో అన్యాయం స్పష్టంగా కనిపిస్తుంది. కొడుకు బంపరు నలిపితే ‘అనుభవం వస్తుందిలే’ అంటారు. కోడలు గీత పడనిస్తే తాళంచెవి బీరువాలోకి పోతుంది. ఆ తరువాత అవసరం వచ్చిన రాత్రి ఆమెకు బండి తీయడం చేతకాకపోతే తప్పు ఆమెది కాదు.

వేలూరు దాకా మొదటి ప్రయాణానికి పెద్ద రహదారి కన్నా కె.వి.కుప్పం దారి మేలు. వేగం తక్కువ, ఆగడానికి ఊళ్ళు ఉన్నాయి. ఉదయం ఏడులోపు బయలుదేరితే లత్తేరి వరకు తీరికగా సాగవచ్చు. అక్కడ పది నిమిషాలు ఆగి, నీళ్ళు తాగి, సీసాను తలుపు అరలో పెట్టి మూసి, కాట్పాడికి బయలుదేరాలి. కాట్పాడి నుంచి పాలారు వంతెన మీదుగా గ్రీన్ సర్కిల్ వరకు రద్దీ ఎప్పుడూ ఉంటుంది. మొదటి సారికి కాట్పాడిలోనే వెనుదిరిగినా ఆ ప్రయాణం లెక్కలోకి వస్తుంది. నోటుబుక్కులో ఆ రోజు అంకె రాసుకొని, వచ్చే ఆదివారం వంతెన దాటవచ్చు.